రాసినవాళ్ల ఉద్దేశం వేరైతే, ఆ పాటలో నాకు తోచింది తప్పా?

మీరు అడిగింది ఇదీ: దిగులుగా సాగే ఒక రాక్ పాట మిమ్మల్ని వదలట్లేదు. అందులో మీ గురించే ఏదో ఉందనిపిస్తోంది గానీ అదేమిటో పట్టుకోలేకపోతున్నారు. ఈలోగా ఆ పాట అసలు నేపథ్యం ఎక్కడో చదివారు, దానికీ మీ జీవితానికీ ఏ సంబంధమూ లేదు. మరి మీకు తోచింది తప్పేనా అని.

తప్పేమీ కాదు. అమెరికన్ రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ 1994లో విడుదల చేసిన 'హర్ట్' సంగతే చూడండి. ముప్పై ఏళ్లైనా నిండని ఆ బృందం గాయకుడు ట్రెంట్ రెజ్నర్ తన మీద తనకున్న ఏవగింపుతో రాసుకున్న పాట అది. 2002లో డెబ్భై ఏళ్ల కంట్రీ గాయకుడు జానీ క్యాష్ దాన్నే పాడాడు. సాహిత్యంలో ఒక బూతు మాట మార్చాడంతే, మిగతాదంతా దాదాపు అలాగే ఉంది. అయినా కుర్రాడి ఏవగింపు కాస్తా, గడిచిన జీవితానికి ఓ ముసలాయన లెక్క చూసుకోవడంగా మారిపోయింది. క్యాష్ పాటకు తీసిన వీడియో చూశాక ఈ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే చెప్పుకున్నాడు. పాట పుట్టుక వేరు, అది వినేవాడికి చేసే పని వేరు. రెండూ తెలుసుకోండి, కానీ నేపథ్యాన్ని ఆఖర్న చదవండి. ముందే అభిమానుల వివరణలు చదివితే వాళ్ల మాటలే మీ నోట్లోంచి వస్తాయి.

ఇక పట్టుకోవడం ఎలా అంటే, మొదట సాహిత్యం జోలికి వెళ్లొద్దు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్ బోర్లించి పాట మొత్తం వినండి. ఎక్కడ కలుక్కుమందో అక్కడ నిమిషం, సెకను కాగితం మీద వేసుకోండి. మర్నాడు మళ్లీ వినండి. చాలామందికి రెండుసార్లూ ఇంచుమించు అదే చోటు తగులుతుంది. 'పాటంతా బాగుంది' అనే అనిపిస్తుంటే ఇంకా దొరకలేదన్నమాట.

చోటు దొరికాక అక్కడ సంగీతం ఏం చేసిందో చూడండి. అందరూ దాటేసే పని ఇదే, నా దృష్టిలో సగం జవాబు ఇక్కడే ఉంటుంది. డ్రమ్స్ అప్పుడే వచ్చాయా? అన్నీ ఆగి గొంతు ఒక్కటే మిగిలిందా? తీగ మీద వేళ్లు జారిన చప్పుడు వినిపించిందా? బ్రిటిష్ రాక్ బృందం రేడియోహెడ్ 1992 పాట 'క్రీప్'నే తీసుకోండి. పాటంతా నాలుగే కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగే గుంపులు): జి, బి, సి, సి మైనర్. గిటార్ ఉంటే వాయించి, కార్డ్ మారినప్పుడల్లా లోపల కదిలే ఒక స్వరాన్ని గమనించండి. జి ని షడ్జమం (స) అనుకుంటే, పంచమం (ప) నుంచి శుద్ధ ధైవతానికి, అక్కణ్నుంచి చతుశ్రుతి ధైవతానికి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. సి మైనర్ రాగానే ఒక మెట్టు దిగి, మళ్లీ పంచమానికే వచ్చి పడుతుంది. ఆశపడి, అందక, మొదటికే రావడం. మాటల్లో ఉన్న 'నేనిక్కడి వాణ్ని కాను' అన్న భావాన్ని ఆ ఒక్క స్వరం పాట పొడవునా చెబుతూనే ఉంటుంది. మీకు తగిలింది ఆ దిగుడే అయితే, మీ జీవితంలో వెతకాల్సింది ప్రేమ వైఫల్యమే కానక్కర్లేదు. చేతికందినట్టే అంది జారిపోయినది ఏదైనా కావచ్చు.

అనుమానముంటే అదే పాట అకూస్టిక్ (ఎలక్ట్రిక్ వాద్యాలు లేని) రూపమో, లైవ్ రికార్డింగో వినండి. అక్కడా అదే చోట తగిలితే కారణం బాణీలోనో, మాటల్లోనో ఉంది. తగలకపోతే స్టూడియో అమరికలో ఉంది.

ఇప్పుడు సాహిత్యం తీయండి. ప్రతీ పాదాన్నీ విప్పనక్కర్లేదు. పాటలో 'నువ్వు' ఎవరన్న ఒక్క ప్రశ్న చాలు. బ్రిటిష్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1975 పాట 'విష్ యు వర్ హియర్'లోని 'నువ్వు', 1968లో బృందానికి దూరమైన సిడ్ బారెట్ అని అందరూ అంటారు. అందులోని ప్రశ్నలు తనను తాను అడుగుకున్నవి కూడా అని రాసిన రోజర్ వాటర్స్ చెప్పాడు. ఆ పాట మొదలు వినండి: పాత రేడియోలోంచి వస్తున్నట్టు పల్చగా గిటార్, కాసేపటికి దానికి తోడుగా దగ్గరగా, నిండుగా మరో గిటార్. ఎవరో గదిలో కూర్చుని రేడియోతో కలిసి వాయిస్తున్నట్టుంటుంది. అవతలివాడు అందడు, అయినా ఇతను జత కలుపుతాడు. మీ 'నువ్వు' పోయిన మనిషి కావచ్చు, మాటలు మానేసిన స్నేహితుడు కావచ్చు, పదేళ్ల కిందటి మీరే కావచ్చు. ముగ్గుర్నీ ఒక్కొక్కరుగా పెట్టి, మీ పాటలో తగిలిన చోటి ముప్పై సెకన్లు మళ్లీ వినండి. ఒకరి దగ్గర గొంతు పట్టేస్తుంది.

పట్టేసిన వెంటనే మూడు నాలుగు వాక్యాలు రాయండి. 'బాధ', 'ఒంటరితనం', 'శూన్యం' అన్న మాటలు వాడకూడదు. పేరు, ఊరు, ఏ సంవత్సరం, చెప్పకుండా మిగిలిన మాట, ఇవే ఉండాలి. రాయలేకపోతున్నారంటే అర్థం ఇంకా పాటదే, మీది కాలేదు.

చెడగొట్టేవి రెండు. ఒకటి, ఆ రోజుల్లో విన్న పాట కాబట్టి ఆ రోజులు గుర్తొస్తున్నాయేమో చూసుకోండి. అది జ్ఞాపకం. పరీక్షల ముందు విన్న ఏ చెత్త పాటకైనా ఆ శక్తి ఉంటుంది. తగిలిన చోటు సంగీతంతో గానీ మాటతో గానీ ముడిపడకపోతే అనుమానించాల్సిందే. రెండోది, రిపీట్‌లో పెట్టడం. పదే పదే వింటే ఆ మైనర్ కార్డ్ వస్తుందని ముందే తెలిసిపోయి దాని పదును పోతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు చాలు. విన్నాక మనసు తేలికపడితే కొనసాగించండి. అదే ఆలోచన చుట్టూ తిరుగుతూ నిద్ర పట్టకపోతే ఆ పాటను కొన్ని వారాలు పక్కన పెట్టి, రాసుకున్న ఆ వాక్యాల్లోని సంగతి దగ్గరివాళ్లతో మాట్లాడండి. పాట ఆపేశాక కూడా దిగులు అలాగే ఉండిపోతే కౌన్సెలర్‌ను కలవండి.