పొలం అమ్మి పిల్లాణ్ని పైలట్‌ని చెయ్యొచ్చా?

(ఈ నెల ఉత్తరాలకు జవాబులు రాస్తున్నది ఇరవై రెండేళ్లుగా విమానాలు నడుపుతూ బెంగళూరులో స్థిరపడిన ఒక హిందూపురం కెప్టెన్.)

ప్రశ్న: మేము బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాం. సొంతూరు పెనుకొండ దగ్గర. మావారికి చిన్న మందుల షాపు ఉంది. మా అబ్బాయి ఈ ఏడాది రెండో పీయూసీ పూర్తి చేశాడు. ఫిజిక్స్, మ్యాథ్స్‌లో మార్కులు బాగానే వచ్చాయి. చిన్నప్పట్నుంచీ పైలట్ అవుతానంటాడు. ఒక శిక్షణ సంస్థ తరఫున ఒకాయన ఇంటికే వచ్చి మాట్లాడాడు. పద్దెనిమిది నెలల్లో లైసెన్సు, వెంటనే ఉద్యోగం గ్యారంటీ అన్నాడు. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే పాత ఫీజేనట. ఊళ్లో మూడెకరాలుంది, అమ్మితే సరిపోతుంది. మావారు సరేనంటున్నారు, మా అత్తగారు ససేమిరా అంటున్నారు. మధ్యలో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్వాన్సు కట్టకండి. నెలాఖరు దాటితే కొంపలేమీ మునిగిపోవు. కమర్షియల్ పైలట్ లైసెన్సు పద్దెనిమిదేళ్లు నిండితే గానీ ఇవ్వరు. మీవాడికి బోలెడు కాలముంది.

మీ అత్తగారి భయం నాకు తెలుసు. మా నాన్న హిందూపురంలో ఇంటి స్థలం అమ్మి, చాలనిదానికి బ్యాంకులో అప్పు చేసి నన్ను చదివించాడు. రిజిస్ట్రేషన్ రోజు మా అవ్వ అన్నం ముట్టలేదు. నేను యూనిఫాం వేసుకుని ఇంటికెళ్లినప్పుడు ఆవిడ లేదు. అందుకే చెబుతున్నాను, మీ అత్తగారి మాటని పాతకాలపు మాటని తీసిపారెయ్యకండి.

ఇక గ్యారంటీ సంగతి. శిక్షణ సంస్థ చేతిలో ఉన్నది పిల్లాడి చేత 200 గంటలు ఎగిరించి లైసెన్సుకి కాగితాలు పెట్టించడం వరకే. ఉద్యోగం ఇచ్చేది ఎయిర్‌లైన్. వాళ్ల రాత పరీక్ష వేరు, సిమ్యులేటర్ (నేలమీదే ఉండే నకిలీ కాక్‌పిట్) పరీక్ష వేరు, ఇంటర్వ్యూ వేరు. ఆ పైన ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఫలానా రకం విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకాన్ని నడిపే అర్హత, సంపాదించాలి. చాలాచోట్ల ఆ ఖర్చు పిల్లాడి నెత్తినే పడుతుంది, అదీ లక్షల్లో. మీకు చెప్పిన ఫీజులో అది ఉందో లేదో కాగితం మీద రాయించి అడగండి.

వచ్చినాయన కొత్త విమానాల ఆర్డర్ల గురించి కూడా చెప్పే ఉంటాడు. అది అబద్ధమేమీ కాదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకి, జూన్‌లో ఇండిగో 500 విమానాలకి ఆర్డరిచ్చాయి. అయితే ఆ రెండింటి మధ్యలో, అదే ఏడాది మే 3న, గో ఫస్ట్ ఎగరడం మానేసింది. ఇంజిన్లు అందక సగానికి సగం విమానాలు నేలమీదే ఉండిపోయాయని ఆ కంపెనీ చెప్పుకుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. బెంగళూరు కేంద్రంగా నడిచిన కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగింది. వాటిలో పనిచేసిన పైలట్లు ముందురోజు వరకూ సరిగ్గానే విమానాలు దించారు. ఆర్డరిచ్చిన విమానాలు రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఈలోపు మీవాడు ఏ గేటు ముందు నిలబడి ఉంటాడన్నది ఆ ఆర్డరు చెప్పదు.

నేను పనిచేసిన ఒక కంపెనీ కూడా మూతపడింది. దాని పేరు ఇక్కడ అనవసరం. ఒకటో తారీఖు జీతం పదికి జరిగింది, పది నుంచి ఇరవైకి, ఆ తర్వాత తారీఖన్నదే లేకుండా పోయింది. అప్పటికి నేను కో-పైలట్‌ని, భుజాన మూడు గీతలు. నాలుగో గీతకి, అంటే కెప్టెన్ కావడానికి, ఇంకో ఎనిమిది నెలలుంది. అలాంటిది పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. యలహంకలో మా అద్దింటి డాబా మీద నిలబడితే దేవనహళ్లికి దిగే విమానాలు కనిపించేవి. టైమును బట్టి ఏది ఏ ఊరి నుంచి వస్తోందో నాకు తెలిసిపోయేది. కొన్నాళ్లకి డాబా ఎక్కడమే మానేశాను. ఉతికిన బట్టలు కూడా మా ఆవిడే పైకి తీసుకెళ్లి ఆరేసుకునేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

పని లేకుండా కూర్చున్న పైలట్‌కి ఇంకో చిక్కుంది. చేతిలో ఉన్న విద్యకి గడువు దాటిపోతూ ఉంటుంది. గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండకపోతే ప్రయాణికుల్ని ఎక్కించుకుని నడపకూడదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయటేమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత, ఏడాదికోసారి నిలబెట్టుకోవాలి. మెడికల్, అంటే ఆరోగ్య పరీక్ష, సరేసరి. ఉద్యోగంలో ఉంటే ఇదంతా కంపెనీయే చూసుకుంటుంది. లేనివాడు సొంత డబ్బుతో సిమ్యులేటర్ గంటలు కొనుక్కోవాలి. మా ఆవిడ గాజులు నాలుగు అలాగే కరిగాయి. మళ్లీ ఉద్యోగం వచ్చాక సీనియారిటీ వరసలో చివరికెళ్లి నిలబడ్డాను. వయసులో నాకన్నా ఆరేళ్లు చిన్నవాడు కెప్టెన్‌గా ఎడమ సీట్లో కూర్చుంటే, కుడి సీట్లో కూర్చుని చెక్‌లిస్టు చదివాను. ఆ కుర్రాడు మంచివాడు, నన్ను అన్నా అనే పిలిచేవాడు. అయినా మొదటి నెల గొంతు పెగిలేది కాదు.

అయినా సరే, మీవాణ్ని ఆపమని నేను చెప్పలేను. చెన్నైలో తెల్లవారుజామున సముద్రం వైపు టేకాఫ్ అయితే, కింద తీరమంతా చీకట్లో ఉండగానే మాకు సూర్యుడు కనిపిస్తాడు. ఇన్నేళ్లయినా ఆ ఒక్క నిమిషం కోసం నేను రాత్రి రెండున్నరకి లేస్తాను. వాడికి నిజంగా ఆ ఆశ ఉంటే తుంచకండి. అయితే ఖర్చు తక్కువయ్యే పని ముందు, ఎక్కువయ్యేది వెనక పెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు మెడికల్. మొదట క్లాస్ 2, తర్వాత అంతకన్నా కఠినమైన క్లాస్ 1. క్లాస్ 1 చేతికొచ్చేదాకా పెద్ద మొత్తం ఎవరికీ కట్టకండి. నాతోపాటు శిక్షణలో ఉన్న ఒకబ్బాయి అరవై గంటలు ఎగిరాక గుండె పరీక్షలో ఆగిపోయాడు. వాళ్ల నాన్న వచ్చి పెట్టె సర్దుకుని తీసుకెళ్లాడు. కట్టిన డబ్బులో ఎంత వెనక్కి ఇస్తారని అడగడానికి కూడా ఆయనకి నోరు రాలేదు. మీరు బెంగళూరులోనే ఉన్నారు, అది మేలు. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో వైమానిక దళం వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. విడిగా డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టర్లూ ఉన్నారు. ఎవరి దగ్గర ఏ పరీక్ష చేస్తారో డీజీసీఏ వెబ్‌సైట్‌లో జాబితా చూసుకోండి.

ఆ తర్వాత రాత పరీక్షలు. నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్. 70 శాతం వస్తేనే పాస్. వీటికి కోచింగ్ ఫీజు తప్ప పొలం అమ్మేంత ఖర్చేమీ లేదు. మీవాడు ఆరు నెలలు ఈ పుస్తకాల ముందు కుదురుగా కూర్చున్నాడంటే వాడి పట్టుదల ఎంతో మీకే తెలుస్తుంది. పక్కన దూరవిద్యలో ఏదో ఒక డిగ్రీలో చేర్పించండి. నా పద్నాలుగు నెలల్లో నాకు బాగా తెలిసొచ్చింది, నా చేతిలో లైసెన్సు తప్ప ఇంకే కాగితమూ లేదని.

సంస్థని చూడ్డానికి వెళ్తే ఆఫీసు గదిలో ఇచ్చే కాఫీ తాగి వచ్చెయ్యకండి. హ్యాంగర్‌లో ఎన్ని విమానాలున్నాయని కాదు, ఆ పూట ఎన్ని ఎగిరాయో చూడండి. బయట టీ కొట్టు దగ్గర పిల్లలుంటారు. "పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావు నాయనా?" అని అడిగి, లాగ్‌బుక్ చూపించమనండి. ఐదో ఆరో అంటే ఇక 200 ఎప్పటికయ్యేను? విమానం రిపేరులో ఉన్నా, నేర్పే ఇన్‌స్ట్రక్టర్ లేకపోయినా పిల్లల హాస్టల్ ఖర్చు మాత్రం ఆగదు. 2025 నుంచి డీజీసీఏ ఈ సంస్థలకి గ్రేడ్లు ఇస్తోంది, అవి కూడా చూడండి. ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇగ్రువా ఉంది. దాని ప్రవేశ పరీక్ష తప్పకుండా రాయించండి.

డబ్బు విషయంలో నా మాట ఒక్కటే. మూడెకరాలూ అమ్మకండి. లైసెన్సు వచ్చాక రెండేళ్లు ఉద్యోగం రాకపోయినా ఇల్లు గడవాలి, కంతులు కట్టాలి, వాడి రేటింగులు నిలబడాలి. అంత మిగిలేలా లెక్క కుదిరితేనే దిగండి. కుదరకపోతే ఏడాది ఆగండి. మన సీమలో శెనక్కాయ వేసినవాళ్లకి ఇది కొత్త కాదు. వాన మొహం చాటేసిన ఏడు కూడా పై ఏటి విత్తనానికి మీ మామగారు కొంత దాచే ఉంటారు. మీ అత్తగారినే అడగండి, ఆ లెక్క ఆవిడ చెబుతారు.

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నై పల్లావరంలో ఉంటాం. మావారు నాలుగేళ్లుగా కో-పైలట్. కొన్నాళ్లుగా రాత్రి డ్యూటీ చేసి వచ్చినా నిద్రపోరు. గుండె దడగా ఉందంటారు. డాక్టరు దగ్గరికి వెళదామంటే, రికార్డుల్లోకి ఎక్కితే మెడికల్ పోతుందని కోప్పడతారు. నాకు భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఆయన భయం అర్థం లేనిది కాదు, మా అందరికీ ఉన్నదే. కానీ దాచిపెట్టడం వల్ల అది పెరుగుతుందే గాని తగ్గదు. నా నలభై మూడో ఏట బీపీ ఎక్కువుందని మూడు నెలలు తాత్కాలిక అన్‌ఫిట్ ఇచ్చారు. ఆ సాయంత్రం నా పని అయిపోయిందనుకున్నాను. మందు కుదిరింది, మళ్లీ పరీక్ష చేశారు, సీట్లోకి తిరిగొచ్చాను. పోయిందల్లా ఆ మూడు నెలల ఫ్లయింగ్ అలవెన్సు. తాత్కాలికం అంటే నిజంగానే తాత్కాలికం, చాలామంది తిరిగొస్తారు.

దడ ఉందంటే వాయిదా వెయ్యకూడదు, ఈ వారమే చూపించండి. విమానయాన వైద్యం తెలిసిన డాక్టరైతే మేలు. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోనివ్వకండి, మందుల షాపులో అడిగి తెచ్చినవి అసలే వద్దు. డ్యూటీ చేసే పరిస్థితి లేనప్పుడు సిక్ చెప్పడం ఆయన హక్కు మాత్రమే కాదు, ఆయన బాధ్యత కూడా. అలసటగా ఉంటే ఫెటీగ్ రిపోర్టు పెట్టమనండి. ఏడు రోజుల్లో 35 గంటలకి మించి ఎగరకూడదని నియమముంది. వారానికి విడవకుండా ఇవ్వాల్సిన విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచారు. ఇవన్నీ అలసిపోయిన మనిషి చేతికి విమానం ఇవ్వకూడదనే. తోటి పైలట్లతో మనసు విప్పి మాట్లాడుకునే పీర్ సపోర్ట్ ఏర్పాటు ఉండాలని డీజీసీఏ 2023లో కంపెనీలకి చెప్పింది. మీవారి కంపెనీలో అది ఎవరు చూస్తున్నారో కనుక్కోమనండి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఆయన తెల్లారి ఇంటికొచ్చాక ఆ గదికి నల్లటి కర్టెన్లు వేసి, ఫోను మీ దగ్గర పెట్టుకోండి. చుట్టాలకి, పాలవాడికి, గ్యాస్ అబ్బాయికి మధ్యాహ్నం తర్వాతే రమ్మని చెప్పండి. మా ఆవిడ ఏళ్ల తరబడి కాలింగ్ బెల్ స్విచ్ ఆపేసి, వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూరగాయలు తరిగేది.

ప్రశ్న: నేను అనంతపురంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు మైనస్ రెండున్నర పవర్ కళ్లజోడు ఉంది. అమ్మాయిని, పైగా కళ్లజోడు. పైలట్ అవగలనా?

జవాబు: అవగలవు తల్లీ. నా కాక్‌పిట్‌లో కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో కూర్చున్నారు, ఆడపిల్లలూ కూర్చున్నారు. కళ్లజోడుతో చూపు ప్రమాణానికి సరిపోతే చాలు. డ్యూటీలో రెండో జోడు కూడా వెంట ఉంచుకోవాలి, అంతే. నువ్వు చూపించుకోవాల్సింది రంగుల పరీక్ష. ఇషిహారా అని చుక్కల బొమ్మల పుస్తకం ఉంటుంది, రంగు చుక్కల మధ్య దాగిన అంకెలు చదవాలి. మీ ఊళ్లో కంటి డాక్టరు దగ్గర ఐదు నిమిషాల పని. ఈ సెలవుల్లోనే వెళ్లిరా.