కపూస్తిన్ వాయించే అబ్బాయిని మాస్కో పంపవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకుంటున్నాడు, లండన్ ట్రినిటీ కళాశాల పెట్టే పియానో పరీక్షల్లో చివరిదైన గ్రేడ్ 8 డిస్టింక్షన్‌లో పాసయ్యాడు. కొంతకాలంగా రష్యన్ సంగీతకారులనే వింటున్నాడు. నికొలాయ్ కపూస్తిన్ రచనలు సాధన చేస్తాడు, గనేలిన్ త్రయం రికార్డింగులు రాత్రిళ్లు కూర్చుని వింటాడు. రష్యా వెళ్లి క్లాసికల్‌తో పాటు జాజ్ కూడా చదువుతానని పట్టుబడుతున్నాడు. మా బంధువులకు రష్యా అంటే ఎంబీబీఎస్ మాత్రమే తెలుసు. వాళ్ల నాన్నగారు బీటెక్ అయ్యాక చూద్దామంటున్నారు. మేమేం చేయాలి?
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి ఇష్టపడే ఆ రెండు పేర్ల దగ్గరే మొదలుపెడతాను. అతను ఏం చదవాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. కపూస్తిన్, గనేలిన్ ఇద్దరినీ జాజ్ అనే ఒకే అరలో పెట్టి వినడం సహజమే. కానీ వాళ్లు నడిచిన దారులు వేరు, ఆ దారులకు కావలసిన చదువులూ వేరు.

కపూస్తిన్ 1937లో ఉక్రెయిన్‌లోని గోర్లోవ్కాలో పుట్టి, మాస్కో కన్సర్వేటరీలో, అంటే అక్కడి ఉన్నత సంగీత విద్యాసంస్థలో, అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ వద్ద పియానో చదివి, 1961లో పట్టా తీసుకుని, ఆ తర్వాత పదేళ్లకు పైగా ఓలెగ్ లుండ్‌స్ట్రెమ్ జాజ్ ఆర్కెస్ట్రాలో వాయించారు. అయినా తాను జాజ్ కళాకారుణ్ణి కానని ఆయనే చెప్పుకునేవారు. 1984 నాటి ఆయన ఎనిమిది కచేరీ ఎట్యూడ్లను (చేతి నైపుణ్యానికి పరీక్ష పెట్టే చిన్న రచనలను) మీ అబ్బాయి ముందు పెట్టుకుని వాయిస్తుంటే, అప్పటికప్పుడు మనసులో పుట్టిన సంగీతమే వేళ్లలోకి దిగుతున్నట్టు మీకు అనిపించవచ్చు. నిజానికి అందులో ప్రతి స్వరం, ప్రతి విరామం, ప్రతి ఒత్తు కాగితం మీద అచ్చయి ఉంటాయి. ఎడమచేతి లయ క్షణమైనా సడలకూడదు, కుడిచేతి స్వరగుచ్ఛాలు ఆ లయ దెబ్బల మధ్య ఖచ్చితంగా పడాలి. మన కచేరీలో విద్వాంసుడు అప్పటికప్పుడు అల్లి పాడే కల్పనస్వరాలను ముందే స్వరపరచి, అక్షరం పొల్లుపోకుండా పాడమని శిష్యుడి చేతిలో పెడితే ఎలా ఉంటుందో, కపూస్తిన్ పియానో రచన అలా ఉంటుంది. దాన్ని బాగా వాయించాలంటే రఖ్మానినోవ్ రాసిన కష్టమైన క్లాసికల్ పియానో రచనలను వాయించగల చేతి పనితనం ఉండాలి. ఆ పనితనం క్లాసికల్ చదువులో వస్తుంది.

గనేలిన్ త్రయం కథ వేరు. వ్యాచెస్లావ్ గనేలిన్, సాక్సోఫోన్‌పై వ్లదీమిర్ చెకాసిన్, డ్రమ్స్‌పై వ్లదీమిర్ తరాసోవ్ ముగ్గురూ రష్యాలో పుట్టినవారే. లిథువేనియా రాజధాని విల్నియస్ కేంద్రంగా 1971 నుంచి 1987 వరకు కలిసి వాయించారు. వాళ్లలో బాస్ వాయించే మనిషి లేడు. గనేలిన్ ఒక చేత్తో పియానో వాయిస్తూ, రెండో చేత్తో బాసెట్ అనే చిన్న కీబోర్డు మీద మంద్రస్వరాలు పలికించేవారు. చెకాసిన్ ఒకేసారి రెండు సాక్సోఫోన్లు నోట పెట్టుకునేవారు. ఎక్కడ మొదలై ఎటు మలుపు తిరగాలో ముందే అనుకునేవారు, ఆ మలుపుల మధ్య నడక మాత్రం పూర్తిగా ఆశువు. దేశం నుంచి రహస్యంగా బయటికి చేరిన టేపులు లండన్‌లోని లియో రికార్డ్స్ ద్వారా వెలువడినప్పుడు గాని, సోవియట్ సంగీతంలో ఇలాంటిది ఉందని పశ్చిమదేశాల శ్రోతలు గుర్తించలేదు.

కాబట్టి మీరు అబ్బాయిని కూర్చోబెట్టి అడగవలసిన మొదటి ప్రశ్న రష్యా గురించి కాదు. ఎవరో రాసిన స్వరాన్ని పరిపూర్ణంగా పలికించాలని ఉందా, స్వరాన్ని తానే అప్పటికప్పుడు పుట్టించాలని ఉందా అని అడగండి. రెండూ కావాలంటాడు, ఆ వయసులో అనడం న్యాయమే. అలాంటప్పుడు మాటను పక్కన పెట్టి, అతను రోజూ పియానో దగ్గర ఏం చేస్తున్నాడో ఒక నెల గమనించండి. పుస్తకం మూసేసి, తెలిసిన పాటను వేరే శ్రుతిలోకి మార్చి, దాని కింద స్వరసంగతులు (కార్డ్స్) మార్చి చూసుకునే అలవాటు ఇప్పటికే ఉంటే, అతనిలో ఆశువుగా వాయించే గుణం ఉంది. పుస్తకం లేనప్పుడు లేచి వెళ్లిపోతుంటే, అతను ప్రేమిస్తున్నది జాజ్ ధ్వనిని. ఆ ప్రేమకు క్లాసికల్ పియానోలో ఘనమైన చోటు ఉంది.

ఇక రష్యా విషయం. అక్కడి సంగీత విద్య బలం కన్సర్వేటరీ పేరులో కంటే, కన్సర్వేటరీకి ముందు గడిచే ఏళ్లలో ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీని 1862లో అంతోన్ రూబిన్‌స్టైన్, మాస్కో కన్సర్వేటరీని 1866లో ఆయన తమ్ముడు నికొలాయ్ స్థాపించారు. గ్నెసిన్ సోదరీమణులు 1895లో మాస్కోలో పెట్టిన పాఠశాల నేటి గ్నెసిన్ సంగీత అకాడమీకి మూలం. సోవియట్ కాలంలో ఈ సంస్థల కింద ఒక నిచ్చెన కట్టుకుంటూ వచ్చారు. ఆరేడేళ్ల పిల్లవాడు బడితో పాటు బాలల సంగీత పాఠశాలలో చేరి ఏడెనిమిదేళ్లు చదువుతాడు, తర్వాత నాలుగేళ్ల సంగీత కళాశాల, ఆ తర్వాత ఐదేళ్ల కన్సర్వేటరీ. అంటే కన్సర్వేటరీ ప్రవేశ పరీక్షకు మీ అబ్బాయి పక్కన కూర్చునే రష్యన్ విద్యార్థి, వృత్తి శిక్షణగానే పదేళ్లకు పైగా సంగీతం చదివి వచ్చి ఉంటాడు. గ్రేడ్ 8 మంచి విజయమే, డిస్టింక్షన్ ఇంకా మంచిది. కానీ నా అంచనాలో అది మీ అబ్బాయిని ఆ నిచ్చెనలో సంగీత కళాశాల మెట్టు దగ్గరికి చేరుస్తుంది, కన్సర్వేటరీ వాకిలి దాకా కాదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు సాయంగా చాలామంది ప్రసిద్ధ పియానిస్టు స్వ్యాతొస్లావ్ రిక్టర్ పేరు తెస్తారు. మీ అబ్బాయి కూడా తేవచ్చు. ఆయన 1937లో, ఇరవై రెండేళ్ల వయసులో, పెద్దగా క్రమబద్ధమైన చదువు లేకుండానే మాస్కో వచ్చి హైన్‌రిఖ్ నైహౌస్ తరగతిలో చేరిన మాట నిజమే. అయితే అప్పటికి ఆయన ఒడెస్సా ఒపెరా థియేటర్లో గాయకులకు సాధన చేయించే పియానిస్టుగా పనిచేసి ఉన్నారు. ఆర్కెస్ట్రా మొత్తానికి రాసిన స్వరలిపిని చూస్తూనే పియానోపై పలికించగలిగేవారు. తండ్రి పియానో, ఆర్గన్ వాయించే సంగీతకారుడు. పట్టా లేకపోవడం వేరు, చదువు లేకపోవడం వేరు.

కన్సర్వేటరీ ప్రవేశ పరీక్షలో మన పిల్లలు తడబడేది ఎక్కువగా వేళ్ల దగ్గర కాదు, చెవి దగ్గర. పియానో పరీక్షకు బాఖ్ ప్రెల్యూడ్–ఫ్యూగ్ (ఫ్యూగ్ అంటే ఒకే స్వరరేఖను పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన), ఒక క్లాసికల్ సొనాటా, వేగమైన ఎట్యూడ్లు, ఒక పెద్ద రచన సిద్ధం చేసుకోవచ్చు. వాటికి ఏడాది సాధన ఉంటుంది. సోల్ఫెజియో, అంటే విని రాయడం, చూసి పాడడం పరీక్షించే భాగంలో అలా కాదు. విద్యార్థి ఎన్నడూ వినని చిన్న రచనను పరీక్షకుడు పియానోపై కొన్నిసార్లు వాయిస్తారు, అందులో ఒకేసారి రెండు మూడు గొంతులు, అంటే వేర్వేరు స్వరరేఖలు నడుస్తుంటాయి. విద్యార్థి వాయిద్యం ముట్టకుండా విన్నదంతా స్వరలిపిలో రాయాలి. తర్వాత ఇచ్చిన స్వరలిపిని అక్కడికక్కడే గొంతెత్తి పాడాలి, విన్న స్వరసంగతుల పేర్లు చెప్పాలి. హార్మొనీలో, ఇచ్చిన రాగరేఖకు నాలుగు గొంతుల అమరిక రాయాలి. మన దగ్గర గ్రేడ్ పరీక్షలకు తయారయ్యే విధానంలో ఈ భాగానికి దక్కే సమయం చాలా తక్కువ. ఈ లోటును ఇప్పుడే పూడ్చుకుంటే, రేపు ఆశువుగా వాయించడానికీ అదే పెట్టుబడి. చెవి పట్టుకోని స్వరాన్ని చేయి కల్పించలేదు.

జాజ్ కోసమే అయితే రష్యా వెళ్లమని నేను చెప్పను. ఆ దేశపు జాజ్‌కు చరిత్ర తక్కువేమీ కాదు. తొలి జాజ్ కచేరీ 1922 అక్టోబరు 1న మాస్కోలో వలెంతీన్ పర్నాఖ్ బృందంతో జరిగింది. ప్రభుత్వ అనుమానాలు, ఆంక్షలు దాటుకుని, 1970లలో సంగీత కళాశాలల్లో ఎస్త్రాదా (వేదిక మీది తేలికపాటి సంగీతం)–జాజ్ విభాగాలుగా అది చదువులోకి ప్రవేశించింది. గ్నెసిన్‌లో నేటికీ ఆ శాఖ ఉంది. అయినా నేటి రష్యన్ జాజ్‌లో అందరికంటే పేరున్న ఇగోర్ బుట్‌మన్ సైతం, లెనిన్‌గ్రాడ్‌లో గెన్నాది గోల్డ్‌స్టైన్ వద్ద సాక్సోఫోన్ నేర్చుకుని, 1987లో అమెరికా వెళ్లి బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివి, తర్వాతే మాస్కో తిరిగివచ్చి తన ఆర్కెస్ట్రా కట్టారు. పియానిస్టు సైమన్ నబతోవ్ మాస్కోలో క్లాసికల్ పునాది వేసుకుని, 1979లో వలస వెళ్లి, న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చదివి, చివరికి జర్మనీలోని కొలోన్‌లో స్థిరపడి ఆశు సంగీతంలో పేరు తెచ్చుకున్నారు. పునాది రష్యాది, ఆశువుగా వాయించే చదువు మాత్రం తరచూ బయటిది. ఈ క్రమాన్ని మీ అబ్బాయికి చూపించండి, తిట్టినట్టు కాకుండా దారి చూపినట్టు.

జీవనోపాధి గురించి మీరు నేరుగా అడగలేదు గాని, వాళ్ల నాన్నగారి మనసులో ఉన్నది అదేనని నాకు అర్థమవుతోంది. మీ అబ్బాయి ఆరాధించే ఆ మహానుభావులు కూడా ఆశు సంగీతం మీద మాత్రమే బతకలేదు. గనేలిన్ విల్నియస్‌లోని రష్యన్ నాటకశాలలో సంగీత బాధ్యతలు చూసేవారు, సినిమాలకు సంగీతం చేసేవారు. ఫ్రెంచ్ హార్న్‌పై అద్భుతంగా జాజ్ వాయించిన అర్కాది షిల్‌క్లోపెర్ ఏళ్ల తరబడి బొల్షోయ్ థియేటర్ ఆర్కెస్ట్రాలో, తర్వాత మాస్కో ఫిల్‌హార్మోనిక్‌లో ఉద్యోగం చేశారు. పియానిస్టు మిఖాయిల్ అల్పెరిన్ నార్వే వెళ్లి ఓస్లోలోని సంగీత అకాడమీలో బోధించారు. వీళ్ల స్వేచ్ఛకు జీతం ఇచ్చింది స్వరలిపి చదవగల నైపుణ్యం, ఇతరులకు తోడు వాయించగల నైపుణ్యం, బోధన. మన దేశంలోనూ అంతే. పియానిస్టుకు ఆర్కెస్ట్రాలో స్థిరమైన కుర్చీ సాధారణంగా ఉండదు. ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను చూసి ఆశపడేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ప్రభుత్వ కళాశాలల్లో సంగీత అధ్యాపక పోస్టులూ, యూజీసీ నెట్‌లోని సంగీతం పేపరూ ప్రధానంగా కర్ణాటక, హిందుస్తానీ సంప్రదాయాలవి. కాబట్టి అతని ఆదాయం అంతర్జాతీయ పాఠశాలల్లో బోధన, ఇంటి దగ్గర శిష్యులు, హైదరాబాద్, చెన్నై స్టూడియోల్లో అరేంజింగ్, గాయకులకు తోడు వాయించడం, కచేరీలు అన్నీ కలిసి వస్తుంది. నిదానంగా పెరుగుతుంది, కానీ నైపుణ్యం గట్టిగా ఉన్నవాడికి పని దొరుకుతుంది.

మరికొన్ని లౌకిక విషయాలు. బోధన రష్యన్‌లో ఉంటుంది కనుక, విదేశీ విద్యార్థులు మొదట ఒక ఏడాది సన్నాహక విభాగంలో భాష నేర్చుకోవడం ఆనవాయితీ. భారతీయ విద్యార్థులకు రష్యా ప్రభుత్వ కోటా కింద ఫీజు లేని సీట్లు ఉంటాయి. చెన్నైలోని రష్యన్ హౌస్‌లో వాటి వివరాలు అడగండి. కళా కోర్సులకు మార్కుల కంటే వాయించి చూపడమే ప్రధానం. ఎంబీబీఎస్ సీట్లు ఇప్పించే ఏజెంట్లలో ఎవరైనా కన్సర్వేటరీ సీటు గ్యారంటీ అంటే అక్కడితో మాట ఆపేయండి. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రష్యాలో సేవలు నిలిపివేసినందున డబ్బు పంపే మార్గాన్ని ముందే ఖాయం చేసుకోవాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంగీత పోటీల సమాఖ్య మాస్కోలో జరిగే చైకోవ్‌స్కీ పోటీని తన సభ్యత్వం నుంచి తొలగించింది. అక్కడ చదివినవాళ్లకు యూరప్ వేదికలతో సంబంధాలు మునుపంత సులువుగా లేవు. రష్యా సైన్యంలో చేరమనే ప్రతిపాదనలకు దూరంగా ఉండాలని మన విదేశాంగ శాఖ హెచ్చరించింది. విద్యార్థికి ఈ మాట విడిగా, గట్టిగా చెప్పి పంపవలసిన కాలమిది. అక్కడి పట్టాను మన డిగ్రీకి సమానంగా భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) గుర్తిస్తుందో లేదో చేరేముందే అడగాలి.

బీటెక్ విషయంలో వాళ్ల నాన్నగారితో నేను గౌరవంగా విభేదిస్తాను. పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య పోయిన సాధన పియానోలో తిరిగి రావడం చాలా కష్టం. అలాగని ఈ ఏడాదే మాస్కో పంపమనీ చెప్పను. ఒక ఏడాది ఇవ్వండి. దూరవిద్యలో ఏదైనా డిగ్రీకి నమోదు చేయించి, మిగతా సమయమంతా సంగీతానికి కేటాయించండి. చెన్నైలోని కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీలో రష్యన్ పియానో పద్ధతిలో బోధించే విభాగం ఉంది. అక్కడ వాయించి చూపి, తన స్థాయి ఏమిటో ఆ గురువుల నోటనే విననివ్వండి. రోజూ సాధనలో కనీసం గంట సోల్ఫెజియోకు, వినికిడి రాతకు ఇవ్వాలి. రష్యన్ అక్షరాలు ఈ నెలలోనే మొదలుపెట్టాలి. వచ్చే వేసవికి ఒక వీడియో సిద్ధం చేయాలి. అందులో ఒక బాఖ్ ఫ్యూగ్, సొనాటా మొదటి భాగం, ఒక ఎట్యూడ్, చివర తనకు తెలిసిన ఏదైనా పాట మీద మూడు నిమిషాల ఆశు వాయింపు ఉండాలి.

ఆ ఏడాది చివర మూడు గొంతుల రచనను విని రాయగలిగితే, కన్సర్వేటరీ సన్నాహక విభాగానికి దరఖాస్తు చేయించండి. రెండు గొంతుల దగ్గరే ఆగితే, చెన్నైలోనే డిప్లొమాలో చేర్పించి, మాస్కోను పట్టా లేని స్వల్పకాల శిక్షణకు తర్వాత ఎంచుకోవచ్చు. విదేశీయులకు ఆ ఏర్పాటు మాస్కో కన్సర్వేటరీలో ఉంది. ఆ చివరి మూడు నిమిషాల ఆశు వాయింపే మిగతా వాటన్నిటికంటే బాగుందని గురువులు అంటే మాత్రం, రష్యా దరఖాస్తు పక్కన పెట్టి, జాజ్ ప్రధానంగా బోధించే సంస్థలను వెతకండి. ఆ ఖర్చు ఎక్కువ కనుక, ఉపకార వేతనాల వివరాలతో మళ్లీ రాయండి.