అమ్మకం ఫోన్లకు అయినవాళ్లను జీతానికి పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. పదకొండేళ్లుగా జీవిత బీమా ఏజెంటుగా పని చేస్తున్నాను. ఏడాదికి 60 పాలసీల దాకా చేయిస్తాను. ఒక్కో పాలసీకి మొదటి ఏడాది కమిషన్ సగటున 5,500 రూపాయలు ఉంటుంది. పాత పాలసీల రెన్యువల్ కమిషన్ కూడా కలుపుకొంటే ఏడాదికి 6.4 లక్షలు వస్తోంది. మా తోడికోడలిని, డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న మేనల్లుడిని ఇంట్లోనే కూర్చోబెట్టి కొత్త పాలసీల కోసం ఫోన్లు చేయించాలనుకుంటున్నాను. నెలకు చెరి 12,000 జీతం, కుదిరిన ప్రతి పాలసీకి 1,000 ఇస్తానని మాటిచ్చాను. జీతాలు చూపిస్తే పన్ను కూడా తగ్గుతుందంటున్నారు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: మీరు రాసిన రూపంలో అయితే ఈ ఏర్పాటును దయచేసి మొదలుపెట్టవద్దు. అయినవాళ్లకు నాలుగు డబ్బులు వచ్చే దారి చూపాలన్న మీ ఆలోచన మంచిదే. దానికి వేరే మార్గం ఉంది. అది చెప్పే ముందు ఈ మార్గం ఎందుకు వద్దంటున్నానో వివరిస్తాను.

1938 నాటి బీమా చట్టం ప్రకారం, కమిషన్ గానీ మరే ప్రతిఫలం గానీ తీసుకొని పాలసీ చేయమని అడిగేవారు, వ్యాపారం తెచ్చిపెట్టేవారు ఏజెంటు కిందకే వస్తారు. ఏజెంటుగా నియామకం లేనివారికి ఆ పనికి ప్రతిఫలం ఇవ్వడాన్ని కూడా అదే చట్టం నిషేధిస్తోంది, ఆ నిషేధం కంపెనీలతో పాటు మీకూ వర్తిస్తుంది. పాలసీకి 1,000 రూపాయలన్న మాట నేరుగా దీని కిందకు వస్తుంది. 'పాలసీకి ఇంత' అన్నది తీసేసి జీతం మాత్రమే ఇచ్చినా, వారు చేసేది పాలసీ చేయమని అడిగే పనే కాబట్టి చిక్కు తీరదు.

రెండోది ఫోను సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ముక్కూ మొహం తెలియనివారికి అమ్మకం ఫోన్లు చేయాలంటే నమోదు చేయించుకొని, 140తో మొదలయ్యే నంబరు నుంచే చేయాలి. ఇంట్లో వాడుకొనే పది అంకెల నంబరు అందుకు పనికిరాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో నిబంధనలను బిగించిన తరువాత, పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్యకు సరిపోతుంది. మొదటి తప్పుకు ఆ వ్యక్తి పేరున ఉన్న అన్ని కనెక్షన్ల నుంచీ 15 రోజుల పాటు బయటికి ఫోన్లు వెళ్లవు, మళ్లీ జరిగితే ఏడాది పాటు కనెక్షన్లన్నీ రద్దవుతాయి. వారిద్దరికీ మీ పేరు మీదే సిమ్‌లు తీసిచ్చారనుకోండి, పదకొండేళ్లుగా మీ పాలసీదారులందరి దగ్గరా ఉన్న మీ నంబరు కూడా వాటితో పాటే ఆగిపోతుంది.

ఇక మాట జారడం గురించి. కొన్నేళ్ల కిందట సలహా కోసం వచ్చిన ఒక ఏజెంటు తన వెంట ఒక రూళ్ల నోటుపుస్తకం తెచ్చారు. ఆమె తరఫున బంధువుల అబ్బాయి చేసిన ఫోన్లన్నీ అందులో పేరు, నంబరు, జరిగిన సంభాషణతో సహా రాసి ఉన్నాయి. ఒక రైతు పేరు ఎదురుగా, 'ఐదేళ్లు కడితే చాలు, ఎప్పుడైనా కట్టిందంతా తీసుకోవచ్చు అన్నాను. సరే అన్నారు' అని గుండ్రటి అక్షరాలతో ఉంది. అది ఇరవై ఏళ్ల పాలసీ. వద్దనుకుంటే పాలసీని కొద్ది రోజుల్లో వెనక్కి ఇచ్చే వెసులుబాటు ఉన్నా, ఆయనకు ఆ గడువు దాటేదాకా తెలియనే లేదు. మూడో ఏడాది సరెండర్ చేస్తే, అంటే గడువుకు ముందే పాలసీ వదులుకుంటే, చేతికి ఎంత వస్తుందో తెలుసుకొని ఆయన ఆమె గుమ్మంలో నిలబడ్డారు. ఆ మాట చెప్పిన అబ్బాయి అప్పటికి బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోయాడు. ప్రతిపాదన పత్రంలో ఏజెంటుగా ఉన్నది ఆమె సంతకమే కాబట్టి సమాధానం చెప్పవలసింది ఆమే అయింది. ఆ నోటుపుస్తకం పట్టుకొని ఆమె కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఇద్దరి జీతాలు ఏడాదికి 2,88,000 రూపాయలు. పాలసీకి 1,000 పోతే మీకు మిగిలేది 4,500, అంటే ఆ జీతాలు రాబట్టుకోవడానికే 64 కొత్త పాలసీలు అదనంగా కావాలి. మీరు పదకొండేళ్ల పరిచయాలతో ఏడాదికి 60 చేస్తున్నారు. శిక్షణ లేని ఇద్దరు అంతకు మించి తెస్తే తప్ప మీకు రూపాయి మిగలదు, ఈలోగా జీతం మాత్రం ప్రతి నెలా మీ చేతి నుంచి వెళ్తూనే ఉంటుంది.

పన్ను తగ్గుతుందన్న మాట మీ విషయంలో నిజం కాదు. కొత్త పద్ధతిలో 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. 6.4 లక్షల కమిషన్ మీద మీరు కట్టవలసిన పన్నే లేనప్పుడు తగ్గేదేముంది? మీ కమిషన్ నుంచి కంపెనీ ముందే పన్ను కింద కోసిన 2 శాతాన్ని (టీడీఎస్) రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి, అది మాత్రం వదులుకోవద్దు.

మీ మేనల్లుడికి నిజంగా ఈ పని మీద ఆసక్తి ఉంటే అతని పేరు మీదే ఏజెన్సీ తీసుకోమనండి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి ఉంటే చాలు, శిక్షణ పూర్తి చేసి పరీక్ష రాయవచ్చు. అప్పుడు అతను తెచ్చిన పాలసీకి కమిషన్ కంపెనీ నుంచి నేరుగా అతనికే వస్తుంది, మీరు జీతం ఇవ్వవలసిన పని ఉండదు. మొదటి ఆరు నెలలు మీతో పాటు తిప్పుకొని పని నేర్పండి. మీరు చేసిన పాలసీని అతని ఏజెంటు కోడ్ మీద, అతను చేసినదాన్ని మీ కోడ్ మీద వేయడం మాత్రం ఒక్కసారి కూడా చేయవద్దు.

మీ తోడికోడలికి రోజుకు నాలుగు గంటల ఆఫీసు పని ఇవ్వండి: ప్రీమియం గడువు తేదీలు గుర్తుచేయడం, మెచ్యూరిటీ కాగితాలు సిద్ధం చేయడం, చిరునామా, నామినీ మార్పుల ఫారాలు నింపి పెట్టడం. ఆగిపోయిన పాలసీని మళ్లీ కట్టమని ఒప్పించే ఫోను మాత్రం మీరే చేయాలి, ఎందుకంటే పునరుద్ధరణను కూడా చట్టం ఏజెంటు పనిలోనే చేర్చింది. నెలకు 7,000 చొప్పున ఏడాదికి 84,000 అవుతుంది. ఆమె వల్ల మిగిలే సమయంలో మీరు 16 పాలసీలు అదనంగా చేస్తే ఆ ఖర్చు తిరిగి వస్తుంది. మొదలుపెట్టే ముందే ఆరు నెలల జీతం, 42,000 రూపాయలు, వేరే ఖాతాలో పెట్టుకోండి. జీతం బ్యాంకు ద్వారానే వేసి, పని గంటలు, జీతం ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఇంట్లో వాళ్ల మధ్య కాగితం ఏమిటని ఎవరైనా అనవచ్చు, అయినా రాయండి.

ఇంకొకటి. ప్రతిపాదన పత్రంలో మనిషి ఆదాయం, జబ్బులు, ఆపరేషన్లు, ఇంట్లో ఎవరు ఏ వయసులో పోయారు అన్నీ ఉంటాయి. మీ పాలసీదారుల్లో సగం మంది మీకూ మీ తోడికోడలికీ తెలిసిన చుట్టాలే అయి ఉంటారు. ఫలానా వదినగారికి గర్భసంచి తీసేశారన్న సంగతి మీ ఫైలు నుంచి పెళ్లి పందిట్లోకి వెళితే, ఆ ఇంటి నుంచి మీకు మళ్లీ పాలసీ రాదు. ఆ ఫైళ్లు మీ బీరువాలోనే, తాళం మీ దగ్గరే ఉండాలి. తోడికోడలికి పేరు, ఫోను నంబరు, గడువు తేదీ, ప్రీమియం ఉన్న జాబితా ఒక్కటి ఇస్తే ఆమె పనికి సరిపోతుంది.

వారిద్దరికీ మాటిచ్చానన్నారు కాబట్టి, మొదటి జీతం రోజు రాకముందే, ఈ వారంలోనే ఇద్దరినీ కూర్చోబెట్టి మారిన ఏర్పాటు చెప్పండి. మేనల్లుడి సంగతి ముందుగా అతని తల్లిదండ్రులకు చెప్పడం మంచిది.