కిరాయి సైకిళ్లు అండర్‌బ్రిడ్జి దాటి రావాలంటే

వరంగల్‌లో యాప్‌తో నడిచే కిరాయి సైకిళ్లు, ఈ-స్కూటర్లు పెడితే రైల్వే అండర్‌బ్రిడ్జి అవతలున్న శివనగర్, కరీమాబాద్ బస్తీలకు అందుతాయా, లేక సుబేదారి, నిట్ కాలేజీ చుట్టుపక్కలే తిరుగుతాయా అని అడిగారు. స్టాండ్లు ఎక్కడెక్కడ ఉండాలో కాంట్రాక్టులోనే రాయించకపోతే అక్కడే తిరుగుతాయి.

హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు మెట్రో దిగి కిరాయి సైకిల్ మీద రూముకు పోయేవాణ్ని. స్టేషన్ దగ్గర, పెద్ద ఆఫీసుల ముందు వరసగా ఉండేవి. మా బస్తీలో ఒక్క స్టాండ్ కూడా లేదు. ఇంటి ముందు తాళం వేస్తే పార్కింగ్ జోన్ బయట అని ఫైన్ పడేది. రెండుసార్లు పడ్డాక మెయిన్ రోడ్డు మీదే సైకిల్ వదిలేసి నడిచి పోయేవాణ్ని. నా రూమ్మేట్ తాపీ పని చేసేవాడు, వాడిది బటన్ ఫోన్. వాడికి ఆ సైకిళ్లు ఉన్నా లేనట్టే.

నా చిన్నప్పుడు కరీమాబాద్‌లో మా ఇంటి పక్కనే కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. సైకిల్ టాక్సీ అనేవాళ్లం. మడ్‌గార్డ్ మీద తెల్ల పెయింట్‌తో నంబర్. దుకాణం పెద్దాయన నోట్‌బుక్‌లో పేరు, నంబర్, తీసుకున్న టైమ్ రాసుకునేవాడు. డిపాజిట్ లేదు, మా నాయన పేరు చెబితే చాలు. ఇప్పటి యాప్‌లలో లేనిది ఆ నమ్మకమే.

అది మళ్లీ తేవచ్చు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 2015లో ఇలాంటి సైకిళ్లు పెట్టినప్పుడే దుకాణాల్లో నగదు కట్టే వీలు ఇచ్చారు, పేదల బస్తీల్లోనూ స్టాండ్లు పెట్టారు. ప్రభుత్వ ఆహార సాయం కార్డు ఉన్నవాళ్లకు నెలకు 5 డాలర్ల పాస్ కూడా తెచ్చారు. మన దగ్గర రేషన్ కార్డు చూపిస్తే అలాంటి పాస్ ఇవ్వచ్చు, నగదు తీసుకోవడానికి బస్తీలోని కిరాణా దుకాణం చాలు. ఇక ఈ-స్కూటర్లంటారా, మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మన దేశంలో డ్రైవింగ్ లైసెన్స్ అక్కర్లేదు. అలాంటివే తెమ్మని అడగండి.

స్టాండ్ మాత్రం అండర్‌బ్రిడ్జికి రెండు పక్కలా ఉండాలి. గట్టి వాన పడితే కింద నీళ్లు నిలుస్తాయి, అప్పుడు స్టేషన్ వైపు ఉన్న సైకిల్ మనకెందుకూ పనికిరాదు.

మా అన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. తెల్లారకముందే బయలుదేరుతాడు, ఆ టైమ్‌కు షేర్ ఆటో దొరకదు. ఇవన్నీ అడుగుతూ మీ కార్పొరేటర్‌కు కాగితం రాస్తే అందులో ఆ టైమ్ కూడా రాయండి. యాప్ పొద్దున ఆరింటికి తెరుచుకుంటే ఆయనకు స్టాండ్ గుమ్మంలో ఉన్నా ఉపయోగం లేదు.