క్లాస్ ఎ ఆంప్లిఫయర్ కట్టబోతున్న మేనల్లుడికి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు క్లాస్ ఎ కడతానన్నప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. మన ఇంట్లో నా తర్వాత సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది నువ్వే. అంకెలు ఫోన్‌లో వింటే నిలవవు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు టెస్టింగ్ బెంచి మీద కూర్చున్నదాన్ని. సర్క్యూట్ ఎంత అందంగా ఉందో చెప్పడం కంటే, అది పదేళ్ళు కాలిపోకుండా ఎలా నడుస్తుందో చెప్పడమే నాకు చేతనైన పని.

ముందు ఒక సంగతి చెప్పాలి. నువ్వు చిన్నప్పుడు మీ నాన్నకి నేనొక ఆంప్లిఫయర్ కట్టి ఇచ్చాను. డిసెంబర్‌లో, ఇక్కడే మా ఇంట్లో, మూత తీసి బల్ల మీద పెట్టి లోపలి కరెంటు సర్దాను. చక్కగా పాడింది. రైల్లో ఒళ్ళో పెట్టుకుని చెన్నై తెచ్చాను. మే నెలలో ఒక మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేసి, కుడివైపు గరగరమని ఆగిపోయిందన్నాడు. వచ్చి విప్పితే ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉంది, దాని కింద కరెంటు తగలకుండా పెట్టే మైకా రేకు గోధుమరంగుకి తిరిగింది. భాగాల్లో లోపం లేదు, సోల్డరింగ్‌లోనూ లేదు. చలికాలంలో, బెంగళూరు గాలిలో, మూత తీసి సర్దినదాన్ని ఎండాకాలంలో, చెన్నైలో, మూత బిగించి నడిపారు. తప్పు పూర్తిగా నాదే. ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకో: సర్దుబాటు వేడెక్కాక చేయాలి, మూత పెట్టి చేయాలి, అది ఎక్కడ ఉండబోతోందో అక్కడే చేయాలి.

నువ్వు ఎంచుకున్నది జాన్ లిన్స్లీ హుడ్ 1969 ఏప్రిల్ ‘వైర్‌లెస్ వరల్డ్’లో ఇచ్చిన సర్క్యూట్. మొదటిసారికి అంతకన్నా మంచిది లేదు. చానల్‌కి నాలుగే ట్రాన్సిస్టర్లు, పది వాట్లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 27 వోల్టులు, 1.2 ఆంపియర్లు. ఈ రెండూ గుణిస్తే 32 వాట్లు. మామూలు ఆంప్లిఫయర్‌లో పాట పెద్దదైతేనే కరెంటు పెరుగుతుంది. ఇందులో పాట ఉన్నా లేకపోయినా ఆ 32 వాట్లూ పారుతూనే ఉంటాయి. పాట ఆగినప్పుడే పెట్టె ఇంకా వేడిగా ఉంటుంది, ఎందుకంటే పాడేటప్పుడు అందులో కొంత స్పీకర్‌కి పోతుంది. కొత్తవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది, నువ్వు కంగారు పడకు.

ఇప్పుడు హీట్ సింక్ లెక్క, అంటే ట్రాన్సిస్టర్ల వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మ లెక్క. మేలో మీ గది మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉంటుందనుకో. హీట్ సింక్ 63 దాటకూడదని పెట్టుకుందాం. మధ్యలో మిగిలింది 25 డిగ్రీలే. దాన్ని 32తో భాగిస్తే 0.78. అంటే ఒక్కో వాట్‌కి 0.78 డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కని హీట్ సింక్ కావాలి, అదీ ఒక్కో చానల్‌కి. మా ఇంట్లో గది 28 ఉంటే అదే లెక్క 1.1 దాకా పోవచ్చు. అన్నయ్యకి ఇచ్చినదానిలో నేను పెట్టింది అలాంటిదే. ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల ఎత్తు, అంగుళంన్నర లోతు రెక్కలు ఉన్నది చానల్‌కి ఒకటి తీసుకుంటే దాదాపు సరిపోతుంది. ఇంకా పెద్దది దొరికితే బరువని వెనకాడకు. రెక్కలు నిలువుగా నిలబడాలి, కింద, పైన గాలి ఆడాలి. షెల్ఫులో పుస్తకాల మధ్య దూర్చావో, ఈ లెక్కలన్నీ వృథా.

భాగాలు కొనడానికి మీ రిచీ స్ట్రీట్‌కి ఆదివారం పోవద్దు, చాలా షాపులు మూసి ఉంటాయి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, 2ఎన్3055లు, కొనేటప్పుడు జాగ్రత్త. ఈ నంబరు మీద దొంగసరుకు చాలా వస్తుంది. నేను ఇక్కడ ఎస్‌పి రోడ్డులో ఒకసారి ఆరు కొన్నాను. పట్టుకుంటే తేలిగ్గా ఉన్నాయి, పైన అచ్చు గోటితో గీకితే లేచిపోయింది. ఒకదాన్ని వైస్‌లో బిగించి రంపంతో పైమూత కోశాను. లోపల అంత పెద్ద ఇనప గిన్నెలో ఆవగింజంత చిప్ ఉంది. అసలుదానిలో పెసరగింజంతైనా ఉంటుంది. అందుకని రెండు ఎక్కువ కొనుక్కో, ఒకటి కోసి చూడు. ఆ డబ్బు పోయిందని అనుకోకు. డ్రైవర్‌కి బీడీ139, ఇన్‌పుట్‌కి బీసీ557 చాలు, అవి అన్నిచోట్లా దొరుకుతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టులు, 5 ఆంపియర్లు. నీకు కావలసింది రెండు చానల్స్‌కీ కలిపి 2.4 ఆంపియర్లే కదా, అయిదు ఎందుకని అడుగుతావు. డయోడ్లు, కెపాసిటర్ కరెంటుని ముక్కలు ముక్కలుగా గుంజుతాయి, దాంతో ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం డీసీ కరెంటుకి ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. రాగి తీగతో చుట్టినదా అల్యూమినియమా అని అడిగి తీసుకో. 12-0-12 ఇస్తామంటే, రెండు చివర్ల మధ్య వాడుకున్నప్పుడు కూడా అయిదు ఆంపియర్లు ఇస్తుందా అని మళ్ళీ అడుగు. చేతికి తేలిగ్గా ఉంటే వద్దు.

డయోడ్ల తర్వాత పదివేల మైక్రోఫారడ్లు పెట్టినా 2.4 ఆంపియర్ల దగ్గర రెండున్నర వోల్టుల దాకా ఊగిసలాట మిగులుతుంది. అందులో కొంత స్పీకర్‌లో హమ్, అంటే గుయ్‌మనే మోత, అవుతుంది. అందుకే ఆ ఊగిసలాటని ట్రాన్సిస్టర్‌తో అణిచే చిన్న సర్క్యూట్, కెపాసిటెన్స్ మల్టిప్లయర్, తప్పదు. అది కూడా రెండు మూడు వోల్టులు తింటుంది, దానికీ హీట్ సింక్ కావాలి. ఇక్కడ పొదుపు చేసి, తర్వాత ఆ హమ్ కోసం నెలలు వెతికినవాళ్ళని చాలామందిని చూశాను.

కట్టేటప్పుడు నీకు చూపించాలని ఉన్నది ఒక్క పని. ట్రాన్సిస్టర్ కోసం హీట్ సింక్‌కి రంధ్రాలు వేశాక, పెద్ద డ్రిల్ బిట్‌ని వేళ్ళతో పట్టుకుని ఆ రంధ్రం అంచు మీద రెండుసార్లు తిప్పు. వేలితో తడిమి చూడు, గరుకు అస్సలు తగలకూడదు. కంటికి కనిపించని ఆ చిన్న ములుకే మైకాని పొడుస్తుంది. మైకాకి రెండు పక్కలా వేడిని దాటించే కాంపౌండ్ పల్చగా, వెనక అక్షరాలు కనిపించేంత పల్చగా రాయి. మరలకి ప్లాస్టిక్ బుష్‌లు వేసి బిగించాక, ట్రాన్సిస్టర్ ఒంటికీ హీట్ సింక్‌కీ మధ్య ఓమ్‌ల మీద మీటర్ పెట్టు. ఏమాత్రం రీడింగ్ వచ్చినా విప్పి మళ్ళీ చెయ్యి. ఆ ఒళ్ళే కలెక్టర్, దాని మీద వోల్టేజీ ఉంటుంది.

ఉంగరం, వాచీ, చేతికి కట్టుకున్న కడియం, అన్నీ తీసి పక్కన పెట్టి మొదలుపెట్టు. నా ఎడమ చేతి బంగారు గాజు మీద మినపగింజంత గుంట చూసి చిన్నప్పుడు అడిగావు, గుర్తుందా? అది పెద్ద కెపాసిటర్ రెండు కాళ్ళ మధ్య తగిలినప్పుడు పడింది. స్విచ్ ఆపి పది నిమిషాలైంది, అయినా చార్జి అలాగే ఉంది. మెరుపు, చప్పుడు, మణికట్టు చుట్టూ కాలిన వాత. అప్పటి నుంచి ప్రతి పెద్ద కెపాసిటర్ మీదా ఒక రెసిస్టర్ అడ్డంగా వేస్తాను, స్విచ్ ఆపగానే నిదానంగా ఖాళీ అయిపోతుంది. 2.2 కిలో ఓమ్‌లు, ఒక వాట్ చాలు. మెయిన్స్ వైపు ఫ్యూజ్, పెట్టెకి ఎర్త్ వైరు, ఇవి లేకుండా ప్లగ్గు పెట్టకు.

మొదటిసారి సిరీస్ బల్బుతోనే, అంటే మెయిన్స్ వైరులో వరసగా ఒక బల్బు కలిపే, ఆన్ చెయ్యి. అరవై వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వెతుక్కో, ఎల్‌ఈడీ పనికిరాదు. మామూలు ఆంప్లిఫయర్ అయితే బల్బు ఒకసారి వెలిగి మసకబారుతుంది. క్లాస్ ఎలో కొంచెం వెలుగుతూనే ఉంటుంది, అది తప్పు కాదు. పూర్తి కాంతితో మండితే మాత్రం షార్ట్ ఉన్నట్టే. ఈ బల్బుతో అసలు సర్దుబాటు చేయలేవు, వోల్టేజీ అందదు. షార్ట్ లేదని తేలగానే ఆపి, కరెంటు సర్దే తిప్పుడు రెసిస్టర్‌ని, అదే ప్రీసెట్‌ని, అతి తక్కువకి తిప్పి, బల్బు తీసెయ్యి.

స్పీకర్ ఇంకా తగిలించకు. 8 ఓమ్‌ల సిమెంట్ రెసిస్టర్ పెట్టు. ఒక్కో చానల్ సప్లై వైరులో 0.1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ సోల్డర్ చేసి, దాని మీద మిల్లీవోల్టులు చూడు. 120 మిల్లీవోల్టులంటే 1.2 ఆంపియర్లు. మీటర్‌ని ఆంపియర్ల మీద పెట్టి మధ్యలో దూర్చే పద్ధతి నాకు నచ్చదు, ఆ వైర్లు ఎప్పుడు ఊడతాయో తెలియదు. రెండో మీటర్ అవుట్‌పుట్ కెపాసిటర్ ప్లస్ కాలు మీద ఉండాలి. అక్కడ సప్లైలో సగం, అంటే 13.5 వోల్టులు రావాలి.

మొదట కరెంటు 60 మిల్లీవోల్టుల దగ్గర పెట్టి, మధ్య వోల్టేజీ సరిచెయ్యి. ఒకటి తిప్పితే రెండోది కదులుతుంది, అందుకని రెండూ మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పాలి. పావుగంట ఆగు. నువ్వు ముట్టుకోకుండానే 60 కాస్తా 70 అవుతుంది. వేడెక్కేకొద్దీ ట్రాన్సిస్టర్ గెయిన్ పెరుగుతుంది, దాంతో కరెంటు, దాంతో ఇంకా వేడి. తగినంత హీట్ సింక్ ఉంటే ఈ వరస ఒకచోట ఆగుతుంది. లేకపోతే ఆగదు. అందుకే పక్కన కూర్చోవాలి, కాఫీ కోసం కూడా లేవకూడదు. అప్పుడు వంద దగ్గరికి తీసుకెళ్ళు, మూత పెట్టు, ముప్పావుగంట వదిలెయ్యి. మీటర్ వైర్లు మూత సందులోంచి బయటికి వచ్చేట్టు ముందే చూసుకో. అంకె కదలడం మానేశాక 120కి తీసుకురా, మళ్ళీ అరగంట చూడు. హీట్ సింక్ మీద చెయ్యి పెట్టు. కాఫీ పోసిన స్టీలు గ్లాసుని పట్టుకున్నట్టు మూడు నాలుగు సెకన్లు ఓర్చుకోగలిగితే బాగుంది. పెట్టగానే తీసేయాల్సి వస్తే కరెంటు తగ్గించు. మే నెలలో ఇదంతా ఇంకోసారి చెయ్యి. అప్పుడు 110 దగ్గరే ఆగాల్సి వస్తే ఆపెయ్యి, ఆ తేడా నీ చెవికి తెలియదు.

ఇంకో జాగ్రత్త. ఇప్పటి ట్రాన్సిస్టర్లు 1969 నాటివాటికంటే చురుకైనవి, మనకి వినపడని ఫ్రీక్వెన్సీలో వాటంతట అవే ఊగుతాయి. వాటిని తెర మీద చూపే ఆసిలోస్కోప్ నీ దగ్గర లేదు కదా. చిన్న మీడియం వేవ్ రేడియో తెచ్చి పెట్టె పక్కన పెట్టి ముల్లు ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పు. ఆంప్లిఫయర్ ఆన్ చేయగానే కొత్తగా ఈల గానీ బుసగానీ వస్తే ఊగుతున్నట్టే. అవుట్‌పుట్‌కి 10 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ వరసగా వేసి గ్రౌండ్‌కి కలుపు, ఇన్‌పుట్ వైర్లని అవుట్‌పుట్ వైర్ల నుంచి దూరంగా జరుపు. హమ్ వస్తే గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలుస్తున్నాయో లేదో చూడు. డయోడ్ల నుంచి కెపాసిటర్‌కి పోయే వైరు మీద ఇన్‌పుట్ గ్రౌండ్ అస్సలు కలపకూడదు.

ఇవన్నీ అయ్యాక ముందు పాత స్పీకర్, తర్వాత మంచిది. ఆన్ చేసినప్పుడు ఒక దబ్బుమనే చప్పుడు వస్తుంది, అవుట్‌పుట్ కెపాసిటర్ నిండుతోందన్నమాట. దానికి 2200 మైక్రోఫారడ్లు చాలు, 9 హెర్ట్జ్ దాకా దిగుతుంది. గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచేది, పదమూడు రెట్లే కాబట్టి ఫోన్ నుంచి నేరుగా ఇచ్చుకోవచ్చు. కరెంటు బిల్లు గురించి వదిన అడుగుతుంది, రెండు చానల్స్ కలిపి గోడ దగ్గర దాదాపు 90 వాట్లు. రోజూ నాలుగు గంటలు విన్నా నెలకి పదకొండు యూనిట్లు.

పది వాట్లతో ఇల్లు అదరదు. రాత్రిపూట, తక్కువ వాల్యూమ్‌లో, బాలమురళి గారి కచేరీ పెట్టుకో. ఆయన పాట ఆపాక వెనక తంబూరా ఒక్కటే మిగిలే చోటు ఉంటుంది చూడు, అక్కడ విను. ఆ సన్నని నాదం తెగకుండా చివరిదాకా వినపడాలి. చాలా తక్కువ శబ్దంలో ఒక ట్రాన్సిస్టర్ ఆగి ఇంకోటి అందుకోవడం ఇందులో లేదు కాబట్టే అది అలా వినపడుతుంది. నేను ఇన్నేళ్ళుగా దీన్ని వదలకపోవడానికి అదే కారణం.

ఆన్ చేసే రోజు పొద్దున్నే మొదలుపెట్టు, రాత్రి అలిసిపోయి చేయకు. మూత పెట్టిన ముప్పావుగంటకి మధ్య వోల్టేజీ ఎంత, మిల్లీవోల్టులు ఎంత, గదిలో ఎన్ని డిగ్రీలు, ఈ మూడూ నాకు ఫోన్ చేసి చెప్పు. నేను ఇక్కడ రాసుకుంటాను, మేలో సరిపోల్చుకోవాలి.

అన్నయ్యనీ వదిననీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త