మ్యూజియంల రాత్రి: రెండు చాలు

ప్రశ్న: మే నెలలో పారిస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ ఒక శనివారం రాత్రి మ్యూజియంలన్నీ ఉచితమట కదా. ఎన్ని చూడొచ్చు? మా ఆయనకు మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: రెండే పెట్టుకోండమ్మా. నాలుగైదు అనుకుని బయల్దేరినవాళ్లకు సగం రాత్రి క్యూల్లో, మెట్రోలో గడిచిపోతుంది.

ఈ కార్యక్రమం 2005లో మొదలైంది. ఫ్రెంచిలో ‘న్వీ దే మ్యూజే’ (మ్యూజియంల రాత్రి) అంటారు. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం కాబట్టి దానికి అటూ ఇటూ వచ్చే ఒక శనివారం పెడతారు. ఏటా తేదీ మారుతుంది, విమానం టికెట్లు తీసే ముందే చూసుకోండి. అన్నీ ఉచితం కాదు, చాలావరకు ఉచితం. ఉచితమైనా కొన్నిచోట్ల ముందుగా ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోవాలి. అది మీ అబ్బాయికి అప్పగించండి.

మ్యూజియంలను పేరును బట్టి కాక పేటను బట్టి ఎంచుకోండి. మీకైతే నేను గీమె మ్యూజియం చెబుతాను. మెట్రో 9వ లైనులో ఇయేనా స్టేషన్ దగ్గరే. ఆసియా కళకు పెట్టింది పేరు. మన అమరావతి శిల్పాలు అక్కడున్నాయి. తెల్లటి పల్నాటి సున్నపురాయి మీద ఒకరి వెనక ఒకరు ఒరుసుకుంటూ నిలబడ్డ మనుషులు, సన్నటి నడుములు, బరువైన కడియాలు. ఎదురుగా చూసి వచ్చేయకండి, పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. ఉలి ఎంత లోతుకు దిగిందో అప్పుడే తెలుస్తుంది. పారిస్ వెళ్లే తెలుగువాళ్లు ఇది చూడకుండా తిరిగొస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అక్కణ్నుంచి కొద్ది నిమిషాల నడకలో నగర ఆధునిక కళా మ్యూజియం. ఫ్రెంచి చిత్రకారుడు రౌల్ డ్యుఫీ 1937లో విద్యుత్తు కథను 250 పలకల మీద గీసిన బొమ్మ ఒక హాలంతా పరుచుకుని ఉంటుంది. ఇక్కడి శాశ్వత సేకరణ ఏడాది పొడవునా ఉచితమే. అందుకే దీన్ని రెండోదిగా పెట్టుకోండి. క్యూ పెద్దదైతే వదిలేసి, సోమవారం తప్ప మరో రోజు రావచ్చు.

ఆ నెలలో అక్కడ పొద్దు గుంకేది రాత్రి తొమ్మిది దాటాకే. వెలుతురు ఉంది కదా అని భోజనం వాయిదా వేయకండి, తినేసే వెళ్లండి. మూసే సమయానికి చాలా ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. శనివారం రాత్రి మెట్రో దాదాపు 2.15 వరకు ఉంటుంది. కానీ చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు, మెట్లే. మీవారికి బస్సు మేలు. మన ఎండలకు అలవాటైన ఒంటికి అక్కడి మే రాత్రులు చలే, స్వెట్టర్ తప్పనిసరి.

ప్రశ్న: సంచి తీసుకెళ్లనిస్తారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చిన్నదైతే తీసుకెళ్లనిస్తారు. గేటు దగ్గర తెరిచి చూస్తారు. లూవ్ర్ మ్యూజియంలో 55×35×20 సెంటీమీటర్లు దాటితే లోపలికి రానివ్వరు. సూట్‌కేసుతో విమానాశ్రయం నుంచి నేరుగా వెళ్లేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. ఫ్లాష్, సెల్ఫీ స్టిక్ వద్దు.

ప్రశ్న: మేమూ పిల్లలతో వెళ్తున్నాం. రాత్రిపూట విసుక్కోకుండా ఎలా?
– ఒక తల్లి, కడప

జవాబు: మధ్యాహ్నం కాసేపు నిద్రపుచ్చండి. లోపల గంట మించొద్దు. వెళ్లేముందు ఒక పగలు కడపలోనే భగవాన్ మహావీర్ మ్యూజియానికి తీసుకెళ్లండి. దానవులపాడులో దొరికిన జైన శిల్పాలు అక్కడున్నాయి. తీర్థంకరుడి తలపైన పాము పడగలుంటే పార్శ్వనాథుడని చూపించండి. రాతి బొమ్మలో గుర్తు వెతకడం అలవాటైన పిల్లలు గీమెలో బుద్ధుణ్ని, శివుణ్ని వాళ్లే పోల్చుకుంటారు. ఆ రాత్రి ఫ్రాన్స్‌లో కొన్ని మ్యూజియంలలో బడిపిల్లలే ఒక్కో కళాఖండం పక్కన నిలబడి వివరిస్తారు. ఎక్కువగా ఫ్రెంచిలోనే ఉంటుంది, అయినా మీవాళ్లను ముందువరుసలో నిలబెట్టండి.