చీటీ పాడాలా, లోన్ తీసుకోవాలా? ముందు ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: కర్నూలులో వార్డు ప్లానింగ్ సెక్రటరీగా చేస్తున్నాను. వయసు 32, బీటెక్ సివిల్. జీతం చేతికి 31,000 వస్తుంది. నా భార్య ప్రైవేట్ స్కూల్లో టీచర్, ఆమెకు 12,000. ఇంటి ఖర్చు 27,000, లక్ష రూపాయల చీటీకి 5,000, బండి వాయిదా 3,600. బండి వాయిదా ఇంకో ఐదు నెలల్లో తీరిపోతుంది. ప్రమోషన్‌కు పనికొస్తుందని దూరవిద్యలో ఎంప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ) చేయాలనుకుంటున్నాను. పక్క రాష్ట్రం ప్రైవేట్ యూనివర్సిటీ, స్టడీ సెంటర్ ఇక్కడే ఉంది. బ్రోషర్ పంపుతున్నాను. ఫీజు 1,20,000లో 10,000 అడ్వాన్స్ ఇచ్చాను. మిగతాది చీటీ పాడి కట్టాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: చీటీ పాడొద్దు, లోనూ వద్దు. 1,10,000 రూపాయలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 3,760 దాకా పడుతుంది, వడ్డీయే 25,000 దాటుతుంది. కష్టమైనా మీరు కట్టగలరు. చిక్కంతా ఆ సర్టిఫికెట్‌తోనే.

బ్రోషర్ మీద 'యూజీసీ గుర్తింపు పొందిన యూనివర్సిటీ' అని పెద్దక్షరాల్లో ఉంది. యూజీసీ అంటే యూనివర్సిటీలను గుర్తించే కేంద్ర సంస్థ. నిజమే అయ్యుండొచ్చు. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ కోర్సును దూరవిద్యలో నడపడానికి అనుమతి ఉండటం వేరు. పొలానికి పాస్‌బుక్ ఉన్నంత మాత్రాన లేఅవుట్ అప్రూవల్ ఉన్నట్టు కాదని రోజూ జనానికి చెప్పేది మీరే కదా! ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్ దూరవిద్యలో చేస్తే డిప్లొమా అయినా పీజీ అయినా గుర్తించబోమన్నది సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ విధానం. పైగా రాష్ట్ర ప్రైవేట్ యూనివర్సిటీలు సొంత రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు నడపకూడదు. మరి మీ ఊళ్లో ఆ బోర్డు ఎలా వేలాడుతోంది?

'ఎవరు అడుగుతారులే' అనుకోకండి. ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌లో ఒక ప్రమోషన్ దగ్గర మొదలైన గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017 నవంబర్‌లో తీర్పు వచ్చింది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు (యూనివర్సిటీ హోదా పొందిన సంస్థలు) అనుమతి లేకుండా, 2005 తర్వాత చేరినవాళ్లకు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలు రద్దయ్యాయి, వాటితో తెచ్చుకున్న ప్రమోషన్లూ పోయాయి.

అసలు మీ పై పోస్టుకు ఎంప్లాన్ కావాలా? సర్వీస్ రూల్స్ కాపీ తెప్పించుకుని చదవండి. దీనికి పైసా ఖర్చు లేదు, చాలామంది చేయనిదీ ఇదే.

ఉద్యోగం చేస్తూ చదవాలని ఉంటే కేంద్ర ప్రభుత్వ దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో అర్బన్ ప్లానింగ్ అండ్ డెవలప్‌మెంట్ పీజీ డిప్లొమా ఉంది. ఈ సెషన్‌లో అడ్మిషన్లు ఉన్నాయేమో చూసుకుని, ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకుని చేరండి. ఇదీ దూరవిద్యే, ఎంప్లాన్‌తో సమానం కాదు, ప్రమోషన్ మీద ఆశ పెట్టుకోకండి. 2009లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఇళ్లలోకి వచ్చిన ఊరు మీది. అలాంటి ఊళ్లో ప్లానింగ్ చూసేవాళ్లకు ఆ చదువు ఊరికే పోదు.

ఎంప్లానే కావాలంటే రెగ్యులర్‌గా రెండేళ్లు చదవాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ ఉంది, హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో అర్హత సాధించి చేరితే నెలకు 12,400 స్కాలర్‌షిప్ వచ్చే అవకాశం ఉంది, కానీ అటు జీతం తీసుకుంటూ ఇటు ఇది తీసుకోవడం కుదరదు. అది మీ హాస్టల్, భోజనాలకు సరిపోతుందనుకుందాం. మీరు లేకుండా ఇల్లు 24,000లో గడిచినా, మీ ఆవిడ జీతం పోను నెలకు 12,000 లోటు. రెండేళ్లకు 2,88,000. ఇది జీతం లేని సెలవు లెక్క. స్టడీ లీవ్ దొరికితే భారం తగ్గుతుంది, అది మీ ఆఫీసులోనే కనుక్కోవాలి.

బండి వాయిదా తీరగానే నెలకు 7,000 ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. 6.5 శాతం వడ్డీతో మూడేళ్లకు సుమారు 2,79,000 అవుతుంది. చీటీని పాడకుండా చివరిదాకా ఉంచితే ఫీజుకు అక్కరకొస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే ట్యాక్స్ కలిసొస్తుందని ఎవరైనా చెబితే పట్టించుకోకండి, మీ జీతానికి కొత్త ఆదాయపు పన్ను విధానంలో పన్నే పడదు.

ఇక ఆ 10,000. రసీదు తీసి ఎవరి పేరు మీద ఉందో చూడండి. యూనివర్సిటీ పేరు కాకుండా సెంటర్ పేరే ఉంటే, ఈ కోర్సుకు దూరవిద్య అనుమతి పత్రం చూపించమని, లేదంటే డబ్బు వాపసు ఇవ్వమని వాళ్లకు రాతపూర్వకంగా రాయండి. ఫోన్లో మాట్లాడి వదిలేయకండి, స్పీడ్ పోస్టులో పంపి ఆ స్లిప్పు దాచుకోండి.